రైతును నేనే, దున్నేది ఆయన

నేను రైతునన్న సంగతి నాకు మొదట చెప్పింది ప్రభుత్వం. అంతకు ముందు నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా రిటైరై, కూకట్‌పల్లి ఫ్లాటులో షుగరు మాత్రలు వేసుకుంటూ నా మానాన నేను బతుకుతున్నాను. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరానికి సీజన్‌కు నాలుగు వేలు. పట్టా ఎవరి పేరు మీద ఉంటే చెక్కు వాళ్ల పేరు మీద. సూర్యాపేట జిల్లాలో సాగర్ ఎడమ కాలువ కింద మా నాన్న వదిలిపోయిన పద్నాలుగు ఎకరాలున్నాయి. అందులో పది నా పేరు మీద, నాలుగు మా అబ్బాయి పేరు మీద. ఊరికి వెళ్లి, వరసలో నిలబడి, చెక్కు అందుకుని, పేపరువాళ్ల ఫొటోకు నవ్వి వచ్చాను. మా కౌలుదారు కూడా ఆ రోజు అక్కడికి వచ్చాడు. చెక్కు కోసం కాదు, నన్ను బండి మీద బస్టాండు దగ్గర దింపడానికి.

మరుసటి ఏడు నాలుగు వేలు ఐదు వేలయ్యాయి. తర్వాత ప్రభుత్వం మారింది, బంధు పోయి భరోసా వచ్చింది. 2025 జనవరి 26 నుంచి సీజన్‌కు ఆరు వేలు. ఆ జూన్‌లో తొమ్మిది రోజుల్లో దాదాపు 9,000 కోట్లు ఖాతాల్లో వేశారు. అందులో మా ఇంటి వాటా 84 వేలు. ఫోన్ మోగినప్పుడు నేను కాలనీ పార్కులో నడుస్తున్నాను. నాతో నడిచే కాలేజీ ప్రిన్సిపాలుకు, కంటి డాక్టరుకు, హార్డ్‌వేర్ షాపు ఆయనకు కూడా ఆ వారంలోనే మోగింది. ఒక పార్కులో ఇంత మంది అన్నదాతలం రోజూ తెలియకుండా తిరుగుతున్నామా అని ఒకరినొకరు అభినందించుకున్నాం. మా అపార్టుమెంటులో రైతు కానివాడు వాచ్‌మన్ ఒక్కడే. ఆయన పాలమూరు మనిషి. ఊళ్లో మూడెకరాలు కౌలుకు చేసి, అప్పులై, ఇక్కడికొచ్చి గేటు తీస్తున్నాడు.

ఢిల్లీ మాత్రం నన్ను అవమానించింది. 2019 ఫిబ్రవరిలో మొదలైన పీఎం కిసాన్‌లో ఏడాదికి ఆరు వేలు, మూడు విడతల్లో. ఆ ఆరు వేల కోసం ఎన్ని ఆంక్షలనుకున్నారు! ఆదాయపు పన్ను కట్టేవాడు రైతు కాడట. నెలకు పది వేలు, ఆ పైన పింఛను తీసుకునేవాడు రైతు కాడట. ప్రాక్టీసు చేసుకునే డాక్టరు, లాయరు, చార్టర్డ్ అకౌంటెంటు కూడా కాడట. కాబట్టి నేను హైదరాబాద్ లెక్కలో రైతును, ఢిల్లీ లెక్కలో ఎవరినీ కాను. అది కూడా ఓర్చుకునేవాణ్ణి. కానీ భూమి రికార్డులో పేరు లేదని మా కౌలుదారును కూడా అదే ఢిల్లీ కాదంది. అంటే నన్నూ ఆయన్నీ ఒకే గాట కట్టేసింది. పింఛనుదారుకు అంతకన్నా పరాభవం ఏముంటుంది?

ఇంతలో సంస్కరణల చర్చ ముంచుకొచ్చింది. గుట్టలకు, రోడ్లకు, ప్లాట్లు చేసి అమ్మేసిన వెంచర్లకు కూడా రైతుబంధు వేశారని కొత్త ప్రభుత్వం లెక్కలు తీసింది. 2024లో ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క అధ్యక్షతన మంత్రుల ఉపసంఘం వేసింది. ఎవరికివ్వాలి, ఐదెకరాల దాకానా, పదెకరాల దాకానా, పన్ను కట్టేవాళ్లకు ఆపాలా అని జిల్లాల్లో అభిప్రాయాలు అడిగారు. నేనూ కారు వేసుకుని ఒక సభకు వెళ్లాను. రైతుల తరఫున గట్టిగా మాట్లాడాను. ఎండనక వాననక కష్టపడే అన్నదాత కడుపు కొట్టొద్దన్నాను. ఏసీ కాస్త ఎక్కువగా ఉండడంతో గొంతు జీరపోయింది. అందరూ దాన్ని ఆవేదన అనుకున్నారు. మా కౌలుదారు రాలేకపోయాడు. నారుమడి పనిలో ఉన్నాడు. రాష్ట్రంలో వ్యవసాయం గురించి చర్చ పెట్టినప్పుడల్లా వ్యవసాయం చేసేవాళ్లకు ఏదో ఒక పని ఉంటుంది. వాళ్ల క్రమశిక్షణారాహిత్యానికి ప్రభుత్వం ఏం చేస్తుంది?

అంత చర్చా జరిగి తేలిందేమిటంటే, ఎకరాలకు పరిమితి లేదు. సాగుకు పనికొచ్చే ప్రతి ఎకరానికీ భరోసా ఉంది. రోడ్డు, లేఅవుటు, గని, ఫ్యాక్టరీ ఉన్న భూమికి లేదు. భూమికి పరీక్ష పెట్టారు, భూమి పాసైంది. దాన్ని సాగు చేసేది ఎవరన్న ప్రశ్న మాత్రం పేపర్లో రాలేదు. అసలా ప్రశ్న రాకుండా ముందే జాగ్రత్త పడ్డారు. పాత పహాణీలో అనుభవదారు అని ఒక కాలమ్ ఉండేది. పొలంలో నిజంగా ఉన్న మనిషి పేరు అందులో రాసేవారు. భూమి రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చినప్పుడు ఆ కాలమ్ ఎత్తేశారు. ఒక్క కాలమ్ తీసేయగానే రాష్ట్రంలో కౌలు సమస్య కంప్యూటరు తెర మీద లేకుండా పోయింది. ఇంజనీరుగా చెబుతున్నాను, ఇంత చవగ్గా ఇంత పెద్ద సమస్యను తీసేసిన ప్రాజెక్టు నేను చూడలేదు. రైతు స్వరాజ్య వేదిక వాళ్లు మాత్రం 2022లో ఊళ్లు తిరిగి సర్వే చేసి, సాగు చేసేవాళ్లలో మూడో వంతుకు పైగా కౌలుదార్లేనన్నారు. ఊళ్లోకి వెళ్తే అలాగే కనిపిస్తారు. అందుకే నేను వెళ్లను.

హామీలకేం, గెలవకముందు ఘనంగానే ఇచ్చారు. 2022 మే 6న వరంగల్ డిక్లరేషన్‌లో రాహుల్ గాంధీ సమక్షంలో ఎకరానికి ఏడాదికి 15 వేలు, రైతులకూ కౌలు రైతులకూ అన్నారు. ఆ మాట విని మా కౌలుదారు ఓటు వేశాడు, నేను భయపడ్డాను. ఇద్దరం తొందరపడ్డాం. పదిహేను పన్నెండయ్యింది. రైతులు, కౌలు రైతులు అన్న జంటలో మొదటివాళ్లు మిగిలారు.

కౌలుదారు పేరు కాగితం మీద ఎందుకుండదని అమాయకులు అడుగుతారు. కాగితం మీద ఉన్న కాలం ఒకటుంది. హైదరాబాద్ కౌల్దారీ చట్టం 1950లో వచ్చింది. రక్షిత కౌలుదారు అని గుర్తింపు ఇచ్చి, 38-ఇ సెక్షన్ కింద వాళ్లకే యాజమాన్యం కట్టబెట్టింది. ఆ దెబ్బతో మా తాతల తరం ఒక పాఠం నేర్చుకుంది: భూమి ఎవరికైనా ఇవ్వు, కాగితం ఎవరికీ ఇవ్వకు. అప్పటి నుంచి కౌలు అంటే నోటిమాట. ఒకే మనిషి చేతిలో పొలం శాశ్వతంగా ఉంచకుండా అప్పుడప్పుడు మారుస్తుండడం మా ఇంటి ఆచారం, శ్రాద్ధం పెట్టినంత నిష్ఠగా చేస్తాం. తర్వాత 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం చేశారు. ఏడాది చెల్లే కార్డు. తెలంగాణలో ఆ చట్టం పుస్తకంలో ఉంది, కార్డు ఊళ్లో లేదు.

ఆంధ్రావాళ్లు ఇంకా నాజూకు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. పదకొండు నెలల ఒప్పందం రాసుకుంటే కార్డు ఇస్తారు. హక్కు కౌలుదారుది, సంతకం మాత్రం యజమానిది కావాలి. దొంగతనం కేసు పెట్టుకోవడానికి దొంగ అనుమతి పత్రం జతచేయమన్నట్టు ఉంది కానీ, మాలాంటివాళ్లకు ఇంతకన్నా గౌరవప్రదమైన చట్టం మరొకటి లేదు. కృష్ణా జిల్లాలో మా వియ్యంకుడు ఆ ఒప్పందం కాగితాన్ని ఇప్పటికీ బీరువాలో దాచుకున్నాడు, సంతకం పెట్టకుండా. ఆ పక్క కూడా పేర్లు మారుతూనే ఉన్నాయి. మొన్నటిదాకా ఏడాదికి 13,500తో రైతు భరోసా, 2025 ఆగస్టు నుంచి 20 వేలతో అన్నదాత సుఖీభవ. రెంటిలోనూ ఆరు వేలు ఢిల్లీవే. పాస్‌బుక్ అట్ట మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండాలా, రాజముద్ర ఉండాలా అని 2024 ఎన్నికల్లో ఎంత గొడవ నడిచిందో చూశారుగా. అట్ట మీద చర్చ ముగిసింది. లోపలి పేజీలో ఎవరి పేరుండాలన్న చర్చ మొదలుకాలేదు.

ఇక మా వ్యవసాయం ఎలా సాగుతుందో చెబుతాను. 2025 ఆగస్టులో యూరియా కొరత వచ్చింది. ఒక పొద్దున ఫోను.

"సారూ, పాస్‌బుక్కు జిరాక్సు ఇంకోపారి వాట్సాప్‌ల పెట్టుండ్రి. ఆధార్ గూడ."

"మొన్ననే పెట్టాను కదయ్యా?"

"గది లైన్ల చెప్పు కింద పెట్టిన సారూ. రాత్రి వానకు నానింది."

మనుషులకు బదులు చెప్పులు వరసలో నిలబడి, చెప్పుల కింద నా పాస్‌బుక్ జిరాక్సు పడుకుని, సొసైటీ గోడౌను తెరిచేదాకా తెల్లవార్లూ కాపలా కాశాయన్నమాట. మధ్యాహ్నం మళ్లీ ఫోను. రెండు బస్తాలు దొరికాయట. పద్నాలుగు ఎకరాలకు రెండు బస్తాలు! దాంతో పాటు నానో యూరియా సీసా కొంటేనే బస్తా అన్నారట. "సీస పైసలు కౌలుల కొట్టేస్తరా సారూ?" అని అడిగాడు. నేను ఆధునిక సాంకేతికత గురించి రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను.

పంట వచ్చాక ఇంకా బాగుంటుంది. సన్నాలకు క్వింటాలుకు 500 బోనస్ అని 2024 వానాకాలం నుంచి ఇస్తున్నారు. ఐకేపీ సెంటర్లో వడ్లు పోసి, వారాల తరబడి ఆరబోసి, వాన మబ్బు పట్టినప్పుడల్లా పరదా కప్పి, తాలు పేరుతో ఇక్కడ ఒక కిలో, మిల్లు దగ్గర ఇంకో కిలో కోతకు ఒప్పుకుని కాంటా వేయించింది ఆయన. రాసింది నా పాస్‌బుక్ నంబరు. డబ్బులు పడింది నా ఖాతాలో. మూడు వందల క్వింటాళ్లు, బోనసే లక్షా యాభై వేలు.

"సారూ, వడ్ల పైసలు పడ్డయా?"

"పడ్డాయి. కౌలు పట్టుకున్నాను, నువ్వు తీసుకున్న అప్పు, వడ్డీ పట్టుకున్నాను. మిగతాది రేపు కొడతా."

"బోనస్ సారూ?"

"దాన్ని సగం సగం అనుకుందాం."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మీ దయ సారూ" అన్నాడు. ఆ వినయం చూసే నేను అతనికి పొలం ఇచ్చింది.

అప్పు సంగతి వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. పట్టా ఉన్నవాడికి బ్యాంకు మూడు లక్షల దాకా పంట రుణం ఏడు శాతానికి ఇస్తుంది. గడువులోగా కడితే మూడు శాతం వెనక్కి. అంటే నాకు పడేది నాలుగు. దాన్ని నేను పంట వేసేవాడికి నూటికి రెండు రూపాయల వడ్డీకి, అంటే ఏడాదికి ఇరవై నాలుగుకు ఇస్తాను. పంట రుణం పంటకే చేరుతోంది. దారిలో నా దగ్గర కాస్త ఆగుతుంది, అంతే. 2024లో రెండు లక్షల దాకా రుణమాఫీ చేశారు. మాఫీ బ్యాంకు అప్పుకే, బ్యాంకు అప్పు పాస్‌బుక్‌కే. నాది మాఫీ అయిందా లేదా అన్నది నాకూ బ్యాంకుకూ మధ్య విషయం. ఆయనది మాత్రం కాలేదని రాతపూర్వకంగా హామీ ఇవ్వగలను, అది ఒక్కటే నేనిచ్చే కాగితం.

టీవీలో సబ్సిడీల మీద చర్చకు పిలిచినప్పుడు ఒక ఆర్థికవేత్త గారు కలిశారు. ఎరువుల సబ్సిడీలో లీకేజీ ఉందని ఆయన బాధ. నిజమే, ఏటా ఒకటిన్నర లక్షల కోట్లకు పైగా పోతోంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. అసలు ఖర్చు దానికి ఎన్నో రెట్లు. 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ అన్నప్పుడు భాస్వరాన్ని, పొటాష్‌ను అందులో కలిపి, యూరియాను వదిలేశారు. దాంతో చవగ్గా దొరికేది గుప్పి గుప్పి నేల పాడవుతోందన్నారాయన. అదీ నిజమే. జీలుగ చల్లి కలియదున్నితే నేల బాగుపడుతుందని మా కౌలుదారుకు కూడా తెలుసు. కానీ ఈ ఏడు జీలుగ చల్లితే పూర్తి ఫలం వచ్చే ఏళ్లలో అందుతుంది, వచ్చే ఏడు పొలం ఆయన చేతిలో ఉంటుందో లేదో నేనింకా నిర్ణయించలేదు. అందుకని ఈ సీజన్‌కు పనిచేసే తెల్ల గుళికలే చల్లుతాడు. ఆర్థికవేత్త గారి చార్టులో ఇది 'రైతుల్లో అవగాహన లోపం' అనే శీర్షిక కింద ఉంది.

దీనికి ఆయన చెప్పిన మందేమిటంటే నగదు. 2015లోనే శాంతకుమార్ కమిటీ చెప్పింది: ఎరువుల ధరలు వదిలేయండి, హెక్టారుకు ఏడు వేల చొప్పున రైతు చేతిలో పెట్టండి. నేను వెంటనే కాలిక్యులేటర్ తీశాను. పద్నాలుగు ఎకరాలకు దాదాపు 40 వేలు. నేను బస్తా కొనను కాబట్టి ధర ఎంత పెరిగినా నాకు బెంగ లేదు. సంస్కరణ వైపు ఇంత మనస్ఫూర్తిగా నేను ఎప్పుడూ మొగ్గలేదు.

ఎందుకంటే ఇప్పుడున్న పద్ధతిలో ఘోరమైన లోపం ఒకటుంది. ప్రభుత్వం ఇచ్చే అన్నిట్లోకీ మా కౌలుదారును నేరుగా చేరేది ఈ లీకయ్యే సబ్సిడీయే. బస్తా ఎవరు మోసుకెళ్తే రాయితీ వాళ్లతో వెళ్లిపోతుంది. ఉచిత కరెంటూ అంతే. 2004లో రాజశేఖరరెడ్డి ప్రమాణ స్వీకారం రోజున మొదటి సంతకం చేసినప్పటి నుంచి అది మోటారును చూసి వస్తోంది, మనిషిని చూసి కాదు. కరెంటుకు పాస్‌బుక్ చదవడం రాదు. నిపుణులు దీన్నే గురి తప్పిన సబ్సిడీ అంటారు. గురి అంటే నేను. ఆంధ్రప్రదేశ్ 2020లోనే ఈ తప్పు దిద్దబోయింది. మీటర్లు పెట్టి, కరెంటు డబ్బు కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఖాతాలో వేస్తామంది, శ్రీకాకుళంలో ప్రయోగం కూడా చేసింది. ఎంతటి దూరదృష్టి! అప్పుడిక యూరియా డబ్బు నాకు, కరెంటు డబ్బు నాకు, భరోసా నాకు, బోనస్‌లో సగం నాకు. లీకేజీ సున్నా. యూరియా కొనడం, బిల్లు కట్టడం లాంటి చిల్లర పనులు మాత్రం పొలంలో ఉన్నవాడు చూసుకుంటాడు.

ఈ ఉత్సాహంలో ఒక సంగతి మరిచిపోయాను. 2018 నుంచి రైతుబీమా ఉంది. పట్టాదారు 18 నుంచి 59 ఏళ్ల లోపు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఎల్‌ఐసీ నుంచి ఐదు లక్షలు, ప్రీమియం ప్రభుత్వానిదే. మంచి పథకం, పది రోజుల్లో డబ్బు ఇంటికొస్తుందని ప్రకటించారు. మా అబ్బాయికి ఉంది. వాడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్. పురుగుమందు డబ్బా సినిమాల్లో చూశాడు, పాము యూట్యూబులో చూశాడు. వ్యవసాయంలో వాడికున్న ప్రమాదం కుర్చీ వల్ల వచ్చే నడుంనొప్పి ఒక్కటే. మా కౌలుదారు రాత్రిపూట టార్చిలైటుతో నీళ్లు పెట్టడానికి వెళ్తాడు, తడి కాళ్లతో స్టార్టరు బాక్సు తెరుస్తాడు, మూతికి తువాలు కట్టుకుని మందు కొడతాడు. ఆయనకు లేదు. పట్టా లేనివాడు బతికుండగా ఎలాగూ రైతు కాలేడు, చచ్చినా కాలేడు. కలెక్టరాఫీసు రికార్డు రాయాల్సి వస్తే 'కుటుంబ కలహాలు', 'కడుపునొప్పి' అని కారణాలు బోలెడున్నాయి.

ఈ యాసంగికి పొలం చెయ్యలేనంటున్నాడు. పాత అప్పు తీరలేదట, కొడుకును హైదరాబాద్‌లో డెలివరీ పనికి పంపాడట. పోనీ. ఖాళీగా ఉన్నా భూమి సాగుకు పనికొచ్చేదే కదా, ఆరు వేలు ఎక్కడికీ పోవు. అయినా కౌలు ఎందుకు వదులుకోవాలని మా ఊరి గ్రూపులో ఈ ప్రకటన పెట్టాను:

'కౌలుకు ఇవ్వబడును. సాగర్ కాలువ కింద 14 ఎకరాలు, రెండు మోటార్లు. ఎకరానికి ఏడాదికి పద్దెనిమిది వేలు, సగం ముందుగా. భరోసా పెరిగితే కౌలు కూడా పెరుగును. కాగితాలు ఉండవు. పాస్‌బుక్ జిరాక్సు సీజన్‌కు రెండుసార్లు మాత్రమే ఇవ్వబడును, తడిపినవాళ్లకు మళ్లీ ఇవ్వబడదు. బోనస్ సగం. పంట పోతే నష్టపరిహారం యజమానికి, నష్టం కౌలుదారుకు. సర్వేకు ఎవరైనా వచ్చి అడిగితే కూలీకి వచ్చామని చెప్పవలెను. రైతుతో మాట్లాడదలచినవారు ఉదయం ఎనిమిది తర్వాత, వాకింగ్ అయ్యాక, ఫోన్ చేయవలెను.'